కాల్స్ (ఏది కొనాలో, ఏది పెరుగుతుందో చెప్పే సూచనలు) ఇచ్చేవాళ్లనీ, గ్రూప్ అడ్మిన్లనీ ఎంతవరకు నమ్మొచ్చు? ఏ ఆధారానికి ఎంత విలువ?

#1 నీటిచుక్క

క్రిప్టో పెట్టుబడుల గ్రూపుల్లో ఎవరి మీదైనా అనుమానం వ్యక్తం చేస్తే వచ్చే జవాబులు దాదాపు ఎప్పుడూ మూడే. "ఆయన అకౌంట్ చాలా పాతది", "ఇచ్చిన కాల్స్‌లో తొంభై శాతం హిట్", "ఫలానావాళ్లు ఆయనకి హామీ". ఈ మూడింటినీ బయటివాళ్లు ఎవరికి వాళ్లు ఎలా సరిచూసుకోవాలి? "జాగ్రత్తగా ఉండండి", "సొంతంగా రీసెర్చ్ చేయండి" అనే సలహాలు వద్దండి, అవి ఎక్కడైనా దొరుకుతాయి. ఏ పేజీ తెరవాలి, ఏం లెక్కపెట్టాలి, ఎక్కడ పొరబడతాం, ఆ స్థాయిలో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

#2 తూనికరాయి

ఏ ఆధారం చూపించినా ముందు ఒక ప్రశ్న వేసుకోండి: దీన్ని దొంగగా తయారుచేయడానికి ఎంత ఖర్చవుతుంది? మీరు వాళ్ల చేతిలో పెట్టబోయే డబ్బుకంటే ఆ ఖర్చు తక్కువైతే ఆధారం లేనట్టే.

పాత అకౌంట్ సంగతి చూద్దాం. పాత అకౌంట్లు అమ్మకానికి దొరుకుతాయి. యజమాని ఏళ్ల తరబడి రాకుండా వదిలేసినవి హ్యాక్ అయి వేరేవాళ్ల చేతికి వెళ్తాయి. బిట్‌కాయిన్‌టాక్ ఫోరంలో ఒకప్పుడు పోస్టులు రాస్తూ, రోజులు గడుపుతూ ఉంటే చాలు, ర్యాంకు పెరిగేది. ర్యాంకు ఉన్నవాళ్లకి పోస్టు కింద ప్రకటన పెట్టుకుంటే డబ్బులిచ్చే ప్రచారాలు ఉండేవి కాబట్టి అకౌంట్లని పెంచి అమ్మడం ఒక వ్యాపారమైంది. అందుకే 2018 జనవరిలో మెరిట్ పద్ధతి తెచ్చారు, అంటే ర్యాంకు పెరగాలంటే ఇతర సభ్యులిచ్చే మెరిట్ పాయింట్లు కూడా కావాలి. ఒకరికి వచ్చిన మెరిట్‌లో సగం మాత్రమే ఇంకొకరికి ఇవ్వడానికి పనికొస్తుంది. ముఠా కట్టి ఒకరికొకరు ఇచ్చుకున్నా చేతులు మారిన ప్రతిసారీ సగం కరిగిపోతుంది. ఆ పద్ధతిలో నాకు నచ్చేది ఈ సగం నిబంధనే. చాలా గ్రూపుల్లో "రెప్యుటేషన్ పాయింట్లు" ఎంత ఇచ్చుకున్నా తరగవు, కాబట్టి వాటికి విలువ లేదు.

అకౌంట్ చేతులు మారిందా అని చూడాలంటే పోస్టులని పాతవాటి నుంచి కొత్తవాటికి చదవండి. నెలల తరబడి ఖాళీ, ఆ ఖాళీ తర్వాత రాసే తీరు మారడం, టెక్నికల్ చర్చల్లో ఉండే మనిషి ఒక్కసారిగా అప్పులు, పెట్టుబడి స్కీములు, ఎస్క్రో (ఇద్దరి మధ్య డబ్బు పట్టుకునే మధ్యవర్తి) పనుల్లోకి దిగడం, కొత్త చెల్లింపు చిరునామా ఇవ్వడం గమనించండి. వీటిలో ఒక్కటి ఉంటే ఏమీ తేలదు. ఖాళీ తర్వాత కొత్త చిరునామా, వెంటనే డబ్బు అడగడం, ఈ మూడూ కలిస్తే మాత్రం పాత పేరుతో కొత్త మనిషి మాట్లాడుతున్నాడనే అనుకుని ముందుకెళ్లాలి.

#3 సాక్షిసంతకం

> అకౌంట్ చేతులు మారిందా అని చూడాలంటే

దీన్ని ఊహతో వదిలేయక్కర్లేదు. ఆ అకౌంట్ ఏళ్ల క్రితం పోస్ట్ చేసిన బిట్‌కాయిన్ చిరునామా ఏదైనా ఉంటే, దాని ప్రైవేట్ కీతో (చిరునామా యజమాని దగ్గరే ఉండే రహస్య సంఖ్యతో) ఒక సందేశం మీద సంతకం చేయమనండి. లాగిన్ కొనుక్కున్నవాడికి సాధారణంగా ఆ కీ ఉండదు.

సందేశం మీరే రాసివ్వాలి. ఇది ముఖ్యం. అందులో నాలుగు సంగతులు పెట్టండి: ఆ అకౌంట్ పేరు, ఎవరితో ఏ పని కోసం మాట్లాడుతున్నారో, తేదీ, ఆ సమయానికి వచ్చిన చివరి బిట్‌కాయిన్ బ్లాక్ (లావాదేవీల కట్ట) హ్యాష్, అంటే దాని గుర్తింపు సంఖ్య. బ్లాక్ హ్యాష్‌ని ముందుగా ఎవరూ ఊహించలేరు కాబట్టి సంతకం ఆ బ్లాక్ తర్వాతే జరిగిందని తేలిపోతుంది. పని ఏమిటో రాయకపోతే ఒకరి దగ్గర తీసుకున్న సంతకాన్ని ఇంకొకరికి చూపించొచ్చు.

అవతలివాళ్లు ఎంచుకున్న సందేశం మీద సంతకాన్ని ఒప్పుకుంటే ఏమవుతుందో 2016 మేలో లోకమంతా చూసింది. తానే బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషినని చెప్పుకున్న క్రెయిగ్ రైట్ బయటపెట్టిన "సంతకం" కొత్తది కాదు. 2009 నాటి సతోషి లావాదేవీలో అందరికీ కనిపిస్తూ ఉన్నదాన్నే తెచ్చి పెట్టారు. గణితం ప్రకారం ఆ సంతకం సరైనదే, కానీ దాని వల్ల ఏమీ రుజువు కాలేదు. ఆయన సతోషి కాదని 2024 మార్చిలో ఇంగ్లండ్ హైకోర్టు తేల్చింది.

సరిచూసేటప్పుడు వచ్చే చిక్కులు: చిరునామా ఎక్స్ఛేంజ్‌ది (క్రిప్టో కొనుగోలు, అమ్మకాలు జరిపే కంపెనీది) అయితే కీ ఎక్స్ఛేంజ్ దగ్గరే ఉంటుంది, సంతకం చేయడం వాళ్ల వల్ల కాదు, అది మోసం కాదు. 1తో మొదలయ్యే పాత తరహా చిరునామాల సంతకాలు దాదాపు అన్ని వాలెట్లలోనూ సరిపోలతాయి. కొత్త తరహా చిరునామాలకి ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో పద్ధతి వాడటం వల్ల ఒకచోట చేసినది మరోచోట తప్పని చూపించవచ్చు. అప్పుడు వాళ్లు వాడిన సాఫ్ట్‌వేర్‌లోనే చూడండి. సందేశం చివర ఒక్క ఖాళీ లేదా కొత్త లైను ఎక్కువైనా సరిపోలదు. ఇక తనిఖీ చేసే వెబ్‌సైటు లింకు అవతలివాళ్లు ఇస్తే అస్సలు వాడొద్దు. ఎలెక్ట్రమ్ లాంటి వాలెట్‌ని దాని అసలు సైటు నుంచి దింపుకుని అందులోనే చూడండి.

సందేశాల మీద సంతకానికి పీజీపీ కీ వాడేవాళ్లయితే దాని పూర్తి వేలిముద్ర (ఫింగర్‌ప్రింట్), అంటే 40 అక్షరాలూ పోల్చాలి. చివరి 8 అక్షరాలు కలిసేలా దొంగ కీ తయారుచేయడం పెద్ద పనేం కాదు.

#4 లెక్కలపుస్తకం

తొంభై శాతం హిట్ గురించి.

64 ఛానళ్లు తెరవండి. ప్రతి కాల్‌కీ సగం వాటిలో "పెరుగుతుంది", సగం వాటిలో "తగ్గుతుంది" అని పెట్టండి, అన్ని కలయికలూ వచ్చేలా. ఆరు కాల్స్ తర్వాత ఒక ఛానల్‌లో ఆరుకి ఆరు సరైనవి ఉంటాయి. ఆరు ఛానళ్లలో ఆరుకి ఐదు. మిగతా 57 మూసేయండి. కొత్తగా చేరేవాళ్లకి కనిపించేవి ఏడు అద్భుతమైన ఛానళ్లు. అయిన ఖర్చు సున్నా. తూనికరాయి గారి ప్రశ్నకి ఇదే జవాబు.

ఇంత కష్టపడకుండా తప్పిన కాల్స్ తీసేసేవాళ్లే ఎక్కువ. టెలిగ్రామ్ ఛానల్‌లో దీన్ని పట్టుకోవచ్చు. ఏ పోస్టు లింకు కాపీ చేసినా చివర ఒక అంకె ఉంటుంది. అది ఆ ఛానల్ మొదలైనప్పటి నుంచీ వరసగా పెరిగే పోస్టు నంబర్. 311 తర్వాత 312, 313 లేకుండా 314 వస్తే మధ్యలో రెండు పోయాయి. కంప్యూటర్‌లో టెలిగ్రామ్ డెస్క్‌టాప్ తెరిచి, ఛానల్ మెనూలో చాట్ హిస్టరీ ఎక్స్‌పోర్ట్ ఎంచుకుని, జేసన్ (JSON) రూపంలో దింపుకోండి. ప్రతి పోస్టుకీ ఐడీ, తేదీ, ఎడిట్ చేసి ఉంటే ఆ సమయం కూడా వస్తాయి. లేని నంబర్లు లెక్కపెట్టండి. ఏ తేదీల దగ్గర గుంపుగా పోయాయో చూసి, ఆ వారాల్లో మార్కెట్ ఎటు నడిచిందో పక్కన పెట్టుకోండి.

పొరబాటు పడే చోట్లు: నాలుగు ఫోటోల ఆల్బమ్ నాలుగు నంబర్లు తీసుకుంటుంది కానీ తెర మీద ఒకే పోస్టుగా కనిపిస్తుంది, అందుకే తెర మీద కాక ఫైల్లో లెక్కపెట్టాలి. పిన్ చేసినట్టు చెప్పే సందేశాలకీ నంబరుంటుంది. ఇది ఛానళ్లకే వర్తిస్తుంది. గ్రూపులో సభ్యుల స్పామ్ తొలగించినా నంబర్లు పోతాయి కాబట్టి అక్కడ ఖాళీలకి అర్థం లేదు.

ఇంకొకటి. ఎవరైనా ఫార్వర్డ్ చేసిపెట్టుకున్న కాపీ, తర్వాత అసలు పోస్టుని ఎడిట్ చేసినా మారదు. కాబట్టి నిఘా పెట్టదలిస్తే ప్రతి కాల్‌నీ వచ్చిన వెంటనే మీ సేవ్డ్ మెసేజెస్‌కి ఫార్వర్డ్ చేయండి. ఆ ఛానల్ ఫార్వర్డ్, సేవ్ రెండూ ఆపేసి ఉంటే ఎక్స్‌పోర్ట్ కూడా కుదరదు. అలాంటప్పుడు వాళ్లు చెప్పే హిట్ శాతాన్ని పక్కన పెట్టేయండి.

#5 లెక్కలపుస్తకం

పైదానికి కొనసాగింపు. అన్ని కాల్స్ దొరికినా కొలిచే పద్ధతిలోనే మోసం ఉంటుంది. వాళ్లు కాల్ ఇవ్వకముందున్న ధర నుంచి, తర్వాత తాకిన గరిష్ఠ ధర వరకూ కొలుస్తారు. ఆ రెండు ధరలూ సభ్యులకి దొరకవు.

మీరు కొలవాల్సింది: పోస్టు పడిన పది నిమిషాలకి ఉన్న ధర కొనుగోలు ధర. అమ్మకం ధర 24 గంటలకి ఒకటి, 30 రోజులకి ఒకటి. చచ్చిపోయిన టోకెన్‌ని (క్రిప్టో కాయిన్‌ని) లిస్టులోంచి తీసేయకుండా మైనస్ వంద శాతంగా వేయాలి. అదే కాలంలో బిట్‌కాయిన్ ఎంత మారిందో పక్క గడిలో రాయాలి.

ఉదాహరణకి పది కాల్స్. పదీ ఎప్పుడో ఒకప్పుడు యాభై శాతం పైకి వెళ్లాయి, కాబట్టి "వంద శాతం హిట్". నెలకి ఎనిమిది టోకెన్లు పదో వంతుకి పడ్డాయి, రెండు రెట్టింపయ్యాయి. ప్రతిదాంట్లో ఒక్కో యూనిట్ పెట్టినవాడి దగ్గర మిగిలేది 0.8 + 4 = 4.8 యూనిట్లు. వంద శాతం హిట్ ఉన్న ఛానల్‌లో పెట్టుబడి సగానికి పైగా పోయింది.

#6 ఎర్రగీత

అన్నా, ఒక మాట. కాల్ పడగానే టోకెన్ నాలుగు రెట్లవడం చార్టులోనే కనిపిస్తుంది, దొంగ స్క్రీన్‌షాట్ కాదు. ముందే కొన్నవాళ్లకి నిజంగానే లాభం వస్తోంది కదా? అడ్మిన్ కూడా కొంటే తప్పేంటి, తన కాల్ మీద తనకి నమ్మకం ఉన్నట్టే కదా?

#7 పూల్‌లోతు

ఎర్రగీత గారూ, నాలుగు రెట్లవడం నిజమే. ఆ నాలుగు రెట్లు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి. ఇలాంటి టోకెన్ల కొనుగోలు, అమ్మకం జరిగేది పూల్‌లో, అంటే ఒకవైపు ఈథర్ (ఈథీరియం నాణెం), మరోవైపు టోకెన్లు ఉంచిన నిల్వలో. యూనిస్వాప్ వీ2 తరహా పూల్‌లో రెండు వైపుల నిల్వల లబ్ధం మారదు. లెక్క తేలిగ్గా ఉండటానికి 0.3 శాతం ఫీజు వదిలేస్తున్నాను.

పూల్‌లో 10 ఈథర్, 10 లక్షల టోకెన్లు ఉన్నాయి. అడ్మిన్ వాలెట్లో ముందే 5 లక్షల టోకెన్లు ఉన్నాయి. కాల్ పడింది, సభ్యులందరూ కలిసి 10 ఈథర్ పెట్టి కొన్నారు. ఇప్పుడు పూల్‌లో 20 ఈథర్, 5 లక్షల టోకెన్లు. ఒక టోకెన్ ధర 0.00001 ఈథర్ నుంచి 0.00004కి చేరింది. చార్టులో నాలుగు రెట్లు, స్క్రీన్‌షాట్ సిద్ధం.

ఇప్పుడు అడ్మిన్ తన 5 లక్షలూ అమ్మాడు. పూల్ మళ్లీ 10 ఈథర్, 10 లక్షల టోకెన్ల దగ్గరికి వచ్చింది. అడ్మిన్ చేతికి 10 ఈథర్ వెళ్లింది, అంటే సభ్యులు పెట్టినదంతా. సభ్యుల దగ్గరున్న 5 లక్షల టోకెన్లు మొత్తం అమ్మితే వచ్చేది 3.33 ఈథర్. మిగిలిన 6.67 పూల్ పెట్టినవాళ్లది. ఆ పూల్ పెట్టింది కూడా అడ్మినే అయితే అదీ అతనిదే.

కాబట్టి అడ్మిన్ కొన్నాడా అన్నది కాదు ప్రశ్న. కాల్‌కి ఎంత ముందు కొన్నాడు, పూల్ లోతుతో పోలిస్తే ఎంత పట్టుకున్నాడు, ఎప్పుడు అమ్మాడు అన్నవే ప్రశ్నలు. ఇవన్నీ చైన్ మీద, అంటే అందరూ చూడగల లావాదేవీల రికార్డులో కనిపిస్తాయి. ఆ రికార్డు చూపించే ఈథర్‌స్కాన్ సైటులో టోకెన్ పేజీ తెరిచి బదిలీల వరసలో కాల్ సమయానికి ముందు గంటల్లో కొన్న వాలెట్లు రాసుకోండి. ఒక్కో వాలెట్‌కి మొట్టమొదట గ్యాస్ (లావాదేవీ రుసుము) కోసం ఈథర్ ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఒకే చోటి నుంచి పది కొత్త వాలెట్లకి డబ్బు వెళ్లి, పదీ కాల్‌కి ముందు కొని, కాల్ తర్వాత నిమిషాల్లో అమ్మితే అవి పదిమందివి కావు. డబ్బు వచ్చిన చోటు ఎక్స్ఛేంజ్ అయితే మాత్రం ఈ గుర్తు పనికిరాదు, లక్షలమంది అక్కడి నుంచే తీసుకుంటారు. అప్పుడు సమయాలు, మొత్తాలు కలుస్తున్నాయా అని చూడాలి. ఇలాంటి వరస రెండు మూడు కాల్స్‌లో మళ్లీ మళ్లీ అవే వాలెట్లతో కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

#8 పాతదారి

మూడోది, హామీ. దీని మీద అందరూ తెలుసుకోవాల్సిన ఉదంతం బిట్‌కాయిన్ సేవింగ్స్ అండ్ ట్రస్ట్. 2011 చివర్లో బిట్‌కాయిన్‌టాక్‌లో పైరేట్ ఎట్ 40 అనే పేరుతో ట్రెండన్ షేవర్స్ వారానికి 7 శాతం వరకు వడ్డీ ఇస్తానని బిట్‌కాయిన్లు తీసుకోవడం మొదలుపెట్టాడు. వారానికి 7 శాతం చక్రవడ్డీ అంటే ఏడాదికి దాదాపు 34 రెట్లు. ఆ లెక్క అక్కడున్నవాళ్లకి తెలియక కాదు. నెలల తరబడి సరిగ్గా చెల్లించాడు, అందుకున్నవాళ్లు హామీ ఇచ్చారు.

అసలు కీలకం ఆ తర్వాత. ఇతర సభ్యులు చిన్న చిన్న మొత్తాలు పోగుచేసి షేవర్స్ దగ్గర పెట్టే ఫండ్లు నడిపారు. వడ్డీలో తమ వాటా పట్టుకుని మిగతాది సభ్యులకిచ్చేవారు. అంటే హామీ ఇచ్చేవాళ్లలో చాలామంది ఆదాయం ఆ స్కీము నడవడం మీదే ఆధారపడింది. బయటినుంచి చూస్తే వేర్వేరు మనుషులు, వేర్వేరు ఫండ్లు, వేర్వేరు హామీలు. డబ్బు దారి చూస్తే అన్నీ ఒక్క మనిషి దగ్గరికే. 2012 ఆగస్టులో బోర్డు తిప్పేశాడు. 2013 జులైలో అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ కేసు పెట్టింది, 7 లక్షలకు పైగా బిట్‌కాయిన్లు సేకరించాడని ఆరోపించింది. 2016లో ఏడాదిన్నర జైలు శిక్ష పడింది.

కాబట్టి హామీలని తలకాయలతో లెక్కపెట్టొద్దు. ప్రతి హామీదారుకీ మూడు ప్రశ్నలు వేయండి. ఆ హామీ వల్ల వాళ్లకేమైనా వస్తుందా (పోస్టులో రిఫరల్ లింకు ఉంటే జవాబు దొరికినట్టే)? వాళ్లు చూసింది ఏమిటి, చెల్లింపు అందడమా, డబ్బు ఎక్కడ పెట్టాడో ఆ లెక్కలా? తేడా వస్తే వాళ్లు పోగొట్టుకునేది ఏమిటి? "నాకు టైముకి వచ్చింది" అనే మాట, కొత్తవాళ్ల డబ్బుతో పాతవాళ్లకి చెల్లించే పోంజీ స్కీముల్లో చివరి రోజు దాకా నిజమే. దాన్ని ఆధారంగా తీసుకోవడమే పెద్ద తప్పు. రోజుకి ఒక శాతం చుట్టుపక్కల రాబడి చూపించిన బిట్‌కనెక్ట్‌లోనూ, 2018 జనవరిలో మూతపడే వరకు, రిఫరల్ గొలుసులో పైనున్నవాళ్లే గట్టిగా హామీ ఇచ్చారు.

#9 తూనికరాయి

పాతదారి గారి మాటకి ఒకటి కలుపుతాను. పేరు ఎంత మొత్తం వరకు పరీక్షకి నిలబడిందో అంతవరకే అది ఆధారం. అర బిట్‌కాయిన్ లోపు లావాదేవీలు వంద సరిగ్గా చేసిన మనిషి, 20 బిట్‌కాయిన్లు చేతికొస్తే ఏం చేస్తాడో ఆ వంద లావాదేవీలు చెప్పవు. చిన్నవి వంద సరిగ్గా చేసి పెద్దదానితో మాయమవడమే నమ్మించి ముంచేవాళ్ల పాత పద్ధతి. అందుకే ఎవరి రికార్డు చూసినా "ఎన్ని" అన్నది కాక "ఒక్కసారిలో అత్యధికంగా ఎంత పట్టుకుని తిరిగిచ్చాడు" అన్నది వెతకండి. ఒకే సమయంలో ఎంతమంది డబ్బు అతని దగ్గర ఉందో కూడా కలుపుకోండి. మీరు పెట్టేది చిన్నదే కావచ్చు, అందరిదీ కలిపితే ఆ పేరు విలువని ఎప్పుడో దాటిపోయి ఉండొచ్చు.

#10 ఎర్రగీత

మరి అసలు పేరు, ముఖం బయటపెట్టిన టీముల్నే నమ్మితే సరిపోతుందిగా? అజ్ఞాతంగా ఉన్నవాడు పారిపోతే ఎవరిని పట్టుకుంటాం?

#11 పాతదారి

2020 సెప్టెంబర్‌లో సుషీస్వాప్ అనే టోకెన్ల మార్పిడి వేదిక మొదలుపెట్టిన షెఫ్ నోమి అనే అజ్ఞాత వ్యక్తి డెవలపర్ నిధిలోని టోకెన్లు అమ్మేసుకున్నాడు. విలువ సుమారు 1.4 కోట్ల డాలర్లు. గోల జరిగింది. ప్రాజెక్టు పగ్గాలు అందరికీ తెలిసిన ముఖానికి అప్పగించాడు. కొద్దిరోజులకే ఆ డబ్బంతా తిరిగిచ్చి క్షమాపణ అడిగాడు. పగ్గాలు అందుకున్న ఆ తెలిసిన ముఖం సామ్ బ్యాంక్‌మన్ ఫ్రీడ్. ఆయన ఎక్స్ఛేంజ్ ఎఫ్‌టీఎక్స్ 2022 నవంబర్‌లో కూలింది, 2024 మార్చిలో ఆయనకి 25 ఏళ్ల శిక్ష పడింది.

ముఖం కనిపించడం నిజాయితీకి గుర్తు కాదు.

#12 సాక్షిసంతకం

ఇక్కడ నేను కొంత విభేదిస్తాను. ముఖం తెలియడం మోసాన్ని ఆపదు, ఒప్పుకుంటాను. కానీ షేవర్స్‌కీ, బ్యాంక్‌మన్ ఫ్రీడ్‌కీ శిక్షలు పడ్డాయంటే వాళ్లెవరో తెలియడం వల్లే. అజ్ఞాతం అవతల ఏముందో 2022 జనవరిలో చూశాం. వండర్‌ల్యాండ్ ప్రాజెక్టు ఖజానా చూసే సిఫు అనే వ్యక్తి, కూలిపోయిన క్వాడ్రిగా సీఎక్స్ ఎక్స్ఛేంజ్ సహవ్యవస్థాపకుడు మైకేల్ ప్యాట్రిన్ అని, క్రిప్టో మోసాలని తవ్వితీసే జాక్‌ఎక్స్‌బీటీ బయటపెట్టాడు. ఖజానాలో కోట్ల డాలర్లు, దాన్ని చూసే మనిషి గతం డబ్బు పెట్టినవాళ్లకి తెలియదు. కొత్త పేరు పెట్టుకోవడానికి ఖర్చు లేనంతకాలం చెడ్డపేరు ఎవరికీ అంటదు. అజ్ఞాత వ్యక్తికి విలువ ఇవ్వాలంటే ఆ మారుపేరు కిందే ఏళ్ల పని ఉండాలి, అది పోతే నష్టపోయేలా ఉండాలి.

తెలిసిన ముఖమైతే అది నిజంగా వాళ్లదేనా అన్నది వేరే తనిఖీ. టీమ్ పేజీలో ఫోటోలు అద్దెవీ, కంప్యూటర్ తయారుచేసినవీ ఉంటాయి. ఆ వ్యక్తి పాత, సంబంధం లేని అకౌంట్ నుంచి, అంటే ప్రాజెక్టుకి ముందునుంచీ ఉన్న సొంత సైటు లేదా కోడ్ రిపాజిటరీ నుంచి ప్రాజెక్టు గురించి చెప్పారా అని చూడండి. ప్రాజెక్టు సైటు నుంచి వాళ్ల వైపు లింకు ఉండటం లెక్కలోకి రాదు, వాళ్ల వైపు నుంచి ప్రాజెక్టుకి ఉండాలి.

#13 పాతదారి

శిక్ష సంగతి సరే, దాని వల్ల పోయిన డబ్బు అందరికీ తిరిగి రాదు. అయినా మారుపేరు కింద ఏళ్ల పని ఉండాలన్న మాటతో నాకు పేచీ లేదు.

#14 పూల్‌లోతు

మనిషి ఎవరన్నది పక్కన పెట్టి, ఆ మనిషి ఏం చేయగలడో చూడటం ఇంకా తేలిక. టోకెన్ అయితే ఈథర్‌స్కాన్‌లో కాంట్రాక్ట్ (టోకెన్‌ని నడిపే ప్రోగ్రామ్) ట్యాబ్ తెరవండి. సోర్స్ కోడ్ వెరిఫై చేసి లేకపోతే అక్కడితో ఆపేయండి. ఉంటే రీడ్ కాంట్రాక్ట్‌లో ఓనర్ ఎవరో చూడండి. మామూలు వాలెట్ అయితే ఒక్క మనిషి, మల్టీసిగ్ (ఒకటి కంటే ఎక్కువ సంతకాలు కావాల్సిన వాలెట్) అయితే ఎన్ని సంతకాలు కావాలో చూడొచ్చు, అన్నీ సున్నాలైతే అధికారం వదిలేసినట్టు. వదిలేసినట్టు కనిపించినా వేరే పేరుతో ఇంకో అధికారి పాత్ర ఉండొచ్చు, అందుకే రైట్ కాంట్రాక్ట్ జాబితా కూడా చదవాలి. కొత్త టోకెన్లు ముద్రించేవి, అమ్మకం ఫీజు మార్చేవి, బ్లాక్‌లిస్ట్ చేసేవి, లావాదేవీలు ఆపేవి, వీటిని ఎవరు నడపగలరో కోడ్‌లో వెతకండి. "రీడ్ యాజ్ ప్రాక్సీ" అనేది కనిపిస్తే కోడ్ మొత్తాన్ని తర్వాత మార్చుకునే వీలుందని అర్థం. ఇవాళ మీరు చదివిన కోడ్ రేపు ఉండకపోవచ్చు.

2021 నవంబర్ 1న స్క్విడ్ టోకెన్ ధర 2,800 డాలర్లు దాటి నిమిషాల్లో సున్నాకి చేరువైంది. అంతకుముందు నుంచే కొన్నవాళ్లు అమ్ముకోలేకపోతున్నారు. అమ్మడమే కుదరని టోకెన్ చార్టు పైకి తప్ప ఎటూ వెళ్లదు. చిన్న మొత్తం కొని, అదే వాలెట్ నుంచి అమ్మి చూడటం మంచి పరీక్షే, కానీ అమ్మకాన్ని తర్వాత ఆపే అధికారం ఓనర్‌కి ఉంటే ఆ పరీక్ష ఆ నిమిషానికే పనికొస్తుంది.

ఆడిట్ రిపోర్ట్ చూపిస్తే ముందు అది ఏ చిరునామాని, కోడ్‌లో ఏ కమిట్‌ని (ఏ వెర్షన్‌ని) తనిఖీ చేసిందో చూడండి. అమలులో ఉన్న కాంట్రాక్ట్ వేరే అయితే ఆ కాగితం దేనికీ కాదు. తర్వాత "కేంద్రీకృత అధికారాలు" అన్న భాగం చదవండి. ఓనర్ నిధులు తీసుకోగలడని ఆడిటర్లు అక్కడ రాసే ఉంటారు, ప్రాజెక్టువాళ్లు "గమనించాం" అని జవాబిచ్చి వదిలేస్తారు.

#15 కావలిదీపం (మోడరేటర్)

గ్రూపు నడిపేవాళ్ల వైపు నుంచి కొన్ని.

అడ్మిన్ పేరు, ఫోటో పెట్టుకుని ప్రైవేటుగా సందేశాలు పంపేవాళ్లు ఏ పెద్ద గ్రూపులోనైనా ఉంటారు. పేరు, ఫోటో ఎవరైనా పెట్టుకోవచ్చు, యూజర్‌నేమ్ మాత్రం ఒక్కరికే. అందులోనూ చిన్న ఎల్ బదులు పెద్ద ఐ పెడితే కంటికి తేడా తెలియదు. కాబట్టి వచ్చిన సందేశం నుంచి ప్రొఫైల్ తెరవొద్దు. గ్రూపు సభ్యుల జాబితాలోని అడ్మిన్ల దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి మీరే సందేశం మొదలుపెట్టండి.

అసలు అడ్మిన్ అకౌంటే పోవచ్చు కూడా. 2020 జులై 15న ట్విట్టర్‌లో ఒబామా, మస్క్ లాంటివాళ్ల నిజమైన అకౌంట్ల నుంచే "బిట్‌కాయిన్ పంపితే రెట్టింపు ఇస్తాం" అని వచ్చింది. 2022లో బోర్డ్ ఏప్ యాట్ క్లబ్ అనే డిజిటల్ బొమ్మల ప్రాజెక్టు డిస్కార్డ్ సర్వర్‌లో కూడా నిర్వాహకుల అకౌంట్ చేజిక్కించుకుని దొంగ లింకు పెట్టారు. అకౌంట్ నిజమైనదైనా, "గంటలోపు క్లెయిమ్ చేసుకోండి" అని వాలెట్ కనెక్ట్ చేయమంటే రెండో చోట కూడా ఆ ప్రకటన ఉందేమో చూడాలి. కనెక్ట్ చేశాక వచ్చే విండోలో అప్రూవ్ లేదా పర్మిట్ అని ఉంటే మీరిస్తున్నది లాగిన్ కాదు, మీ టోకెన్లు తీసుకెళ్లే అనుమతి. పర్మిట్‌కి గ్యాస్ కూడా పడదు, అందుకే ఏమీ జరగనట్టు ఉంటుంది.

డబ్బు పోయిందని ఎవరైనా రాయగానే "ఫలానా నిపుణుడు నాది తిరిగి తెప్పించాడు" అని కింద వచ్చే కామెంట్లు రెండో మోసం. నిర్ధారణ అయిన లావాదేవీని వెనక్కి తిప్పగల నిపుణుడు లేడు. ముందుగా ఫీజు అడిగినా, సీడ్ పదాలు (వాలెట్‌ని తెరిచే రహస్య పదాలు) అడిగినా అది అదే ముఠా లేదా వాళ్ల దగ్గర జాబితా కొనుక్కున్న ముఠా.

ప్రచారానికి డబ్బు తీసుకున్నవాళ్లు ఎంత తీసుకున్నారో ఆ పోస్టులోనే చెప్పాలని గ్రూపులు నియమం పెట్టుకోవాలి. ఈథీరియంమ్యాక్స్ టోకెన్ ప్రచారానికి 2,50,000 డాలర్లు తీసుకున్న సంగతి చెప్పనందుకు కిమ్ కర్దాషియన్ 2022 అక్టోబర్‌లో ఎస్ఈసీకి 12.6 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నారు. తొలగించిన సభ్యులు, తొలగించిన కారణం అందరికీ కనిపించే లాగ్‌లో ఉండాలి. "డబ్బు ఎప్పుడు వెనక్కిస్తారు?" అని అడిగినవాళ్లని మ్యూట్ చేసే గ్రూపులో మిగిలేవి పొగడ్తలే, వాటిని చూసి కొత్తవాళ్లు నమ్ముతారు.

#16 నీటిచుక్క

అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. ఒకటి, సభ్యుల మధ్య నేరుగా జరిగే లావాదేవీకి ఎస్క్రో పెట్టుకుంటే ఆ మధ్యవర్తిని మళ్లీ నమ్మాల్సిందేనా? రెండు, "లిక్విడిటీ 70 శాతం ఆరు నెలలు లాక్" అని రాస్తే దాన్ని ఎలా చదవాలి?

#17 సాక్షిసంతకం

మొదటిదానికి. డబ్బంతా మధ్యవర్తి సొంత చిరునామాకి పంపితే పూర్తిగా నమ్మాల్సిందే. మూడు కీలలో రెండు కావాల్సిన మల్టీసిగ్ పెట్టుకుంటే అతనొక్కడే తీసుకెళ్లలేడు. ఇద్దరిలో ఒకరితో కుమ్మక్కైతే మాత్రం తీసుకెళ్లగలడు. అందుకే మధ్యవర్తిని అమ్మేవాళ్లు సూచిస్తే ఒప్పుకోవద్దు, వాళ్లిచ్చిన లింకు ద్వారా సంప్రదించొద్దు. అమ్మేవాళ్లూ మధ్యవర్తీ ఒకరే అవడం తరచుగా జరిగే మోసం.

ఎలెక్ట్రమ్‌లో ముగ్గురూ ఎవరి వాలెట్ వాళ్లు తయారుచేసుకుని మాస్టర్ పబ్లిక్ కీలు (డబ్బు తీయలేని, చిరునామాలు తయారుచేసే కీలు) మాత్రమే ఇచ్చిపుచ్చుకోవాలి. ముగ్గురి తెర మీదా మొదటి చిరునామా ఒకటే రావాలి. రాకపోతే ఎవరో ఒక కీ మార్చారు, డబ్బు పంపొద్దు. ముందు చిన్న మొత్తం వేసి, ఇద్దరి సంతకాలతో బయటికి తీసి చూశాకే అసలు మొత్తం. బ్యాకప్‌లో చాలామంది మర్చిపోయేది: రెండు సీడ్లు ఉన్నా మూడో వ్యక్తి పబ్లిక్ కీ లేకపోతే ఆ వాలెట్‌ని మళ్లీ నిలబెట్టలేరు. మూడు పబ్లిక్ కీలూ ముగ్గురి దగ్గరా రాసి ఉండాలి.

#18 పూల్‌లోతు

రెండోదానికి. లిక్విడిటీ అంటే పూల్‌లో ఉంచిన నిల్వ. 70 శాతం లాక్ అంటే మిగతా 30 శాతం పూల్ వాటా ఇవాళే తీసుకోవచ్చు. పూల్‌లో 20 ఈథర్ ఉంటే 6 ఈథర్, దానికి సరిపడా టోకెన్లతో సహా వెంటనే బయటికి వెళ్లగలవు. ఆ తర్వాత టోకెన్లు అమ్మితే లోతు తగ్గిన పూల్‌లో ధర ఇంకా వేగంగా పడుతుంది. లాక్ ఆపేది పూల్ వాటా వెనక్కి తీసుకోవడాన్నే. టీమ్ దగ్గర సగం టోకెన్లు ఉంటే, వంద శాతం లాక్ ఉన్నా పైన #7లో చూపించిన లెక్క జరిగిపోతుంది. కాబట్టి లాక్ శాతం, టీమ్ వాలెట్లలోని టోకెన్ల శాతం ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడండి.

లాక్ లింకు తెరిచి గడువు తేదీ, తీసుకునే అధికారం ఉన్న వాలెట్ రాసుకోండి. లాక్ సైటులో కనిపించే టోకెన్ పేరుని నమ్మొద్దు, అదే పేరుతో వేరే పూల్ టోకెన్ (పూల్‌లో వాటాకి రసీదు) తయారుచేసి లాక్ చేయొచ్చు. మీరు కొనబోయే పూల్ చిరునామాని డెక్స్ (యూనిస్వాప్ లాంటి మార్పిడి వేదిక) పేజీ నుంచి కాపీ చేసి, లాక్ అయిన టోకెన్ కాంట్రాక్ట్ చిరునామాతో మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు కాక మొత్తం పోల్చండి. వీ2 పూల్‌లో ఆ రెండూ ఒకే చిరునామా కావాలి.